చేదు తిత్తిలో పాలిప్: ఆకుకూరలు తింటే కరుగుతుందా?

కూర మార్చితే చాలదు, కొలత తెలియాలి

భద్రాచలం: నాటుకోడిని కోసే ప్రతి ఇంట్లో ఇల్లాలికి తెలిసిన జాగ్రత్త ఒకటున్నది. కాలేయానికి అంటుకుని ముదురు పచ్చగా వేలాడే చిన్న తిత్తిని చిట్లకుండా తీసి అవతల పారేయాలి. అది చిట్లిందా, కూరంతా చేదే. ఆ తిత్తి మేకకూ ఉంటుంది, చేపకూ ఉంటుంది. మనిషికీ ఉంటుంది. వైద్యులు దాన్ని పిత్తాశయం అంటారు. పల్లెల్లో చేదు తిత్తి అంటే అందరికీ తెలుస్తుంది.

ఆ తిత్తి పేరు ఇప్పుడు అడవి అంచు పల్లెల్లో తరచు వినబడుతున్నది. కడుపులో మంట అనో, నడుం నొప్పి అనో, కాన్పు పరీక్ష అనో స్కానింగు గదిలోకి వెళ్లినవారిలో కొందరు చేతిలో ఒక కాగితంతో బయటకు వస్తున్నారు. పిత్తాశయంలో పాలిప్ ఉన్నదనీ, దాని కొలత 4 మిల్లీమీటర్లనీ అందులో రాసి ఉంటుంది. చర్ల బస్సో, దుమ్ముగూడెం బస్సో ఎక్కి ఇల్లు చేరేసరికి ఆ నాలుగు మిల్లీమీటర్లు నలుగురి నోళ్లలో నిమ్మకాయంత గడ్డ అయి కూర్చుంటుంది. అది క్యాన్సరేనని ఒకరంటారు. వెంటనే హైదరాబాదు పోయి కోయించుకొమ్మని మరొకరు చెబుతారు. మాంసం మానేసి ఆకుకూరలు తింటే నలభై రోజుల్లో కరిగిపోతుందని ఇంకొకరు భరోసా ఇస్తారు.

ఈ మూడో సలహాకు పల్లెల్లో విలువ ఎక్కువ. ఖర్చు లేదు, కోత లేదు, పైగా పుణ్యం. కార్తీకమాసం, అయ్యప్ప దీక్షలు, హనుమాన్ దీక్షలు వచ్చాయంటే దానికి మరింత బలం వస్తుంది. శాకాహారికి అసలు పైత్యపు జబ్బులే రావన్న నమ్మకం కూడా ఉన్నది.

ఈ సలహాల మధ్య రెండు రకాలుగా నష్టం జరుగుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టినట్టు, నాలుగు మిల్లీమీటర్ల పాలిప్ కోసం కాడెద్దులను అమ్మి ఆపరేషనుకు పరుగెత్తడం ఒకటి. పన్నెండు మిల్లీమీటర్ల పాలిప్‌ను కడుపులో పెట్టుకుని, మాంసం మానేశాను కదా అని కాగితాన్ని చూరులో దోపి మరచిపోవడం రెండోది. మొదటిదాంట్లో పోయేది డబ్బు. రెండోదాంట్లో ప్రాణమే పోవచ్చు.

తిత్తి చేసే పని

మన కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పిత్తరసాన్ని తయారు చేస్తుంది. ఆ రసంలో కొంత భాగం, కాలేయం కింద కుడివైపు పక్కటెముకల చాటున ఉండే చేదు తిత్తిలో చేరుతుంది. ఆ తిత్తి చిన్న జామకాయంత ఉంటుంది. అందులో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు మాత్రమే. అక్కడ నీరు ఇంకిపోయి రసం చిక్కబడుతుంది. మనం నూనె, నెయ్యి ఉన్న భోజనం చేసినప్పుడు తిత్తి ముడుచుకుని ఆ చిక్కటి రసాన్ని పేగులోకి వదులుతుంది. కొవ్వు అరగడానికి అది కావాలి. సబ్బు జిడ్డును విడదీసినట్టు పిత్తరసం కొవ్వును విడదీస్తుంది.

పిత్తరసంలో పిత్త లవణాలు, కొలెస్ట్రాల్, పాత రక్తకణాలు విరిగినప్పుడు వచ్చే పచ్చటి రంగు పదార్థం బిలిరుబిన్ ఉంటాయి. ఇవి పాళ్లు తప్పకుండా ఉన్నంతకాలం రసం పలుచగా పారుతుంది. కొలెస్ట్రాల్ పాలు మించితే అది పేరుకుని కొలెస్ట్రాల్ రాయి అవుతుంది. బిలిరుబిన్ పాలు మించితే నల్లటి రంగు రాయి అవుతుంది.

రాయి వేరు, పాలిప్ వేరు

రాయి తిత్తి లోపల విడిగా ఉంటుంది. మనిషి పక్కకు తిరిగితే అదీ దొర్లుతుంది. స్కానింగులో దాని వెనుక నల్లటి నీడ పడుతుంది. పాలిప్ అలా కాదు. అది తిత్తి లోపలి గోడకు అంటుకుని పులిపిరిలా పెరిగేది. మనిషి ఎటు తిరిగినా అది కదలదు, దాని వెనుక నీడ పడదు.

స్కానింగు చేయించుకున్న పెద్దవారిలో సుమారుగా నూటికి అయిదుగురికి ఇలాంటి పాలిప్‌లు కనబడతాయి. వాటిలో ఎక్కువ భాగం నిజమైన కండ పెరుగుదలలే కావు. పిత్తరసంలోని కొలెస్ట్రాల్ తిత్తి గోడలోకి ఇంకి, చిన్న చిన్న బుడిపెలుగా పైకి తేలుతుంది. వీటిని కొలెస్ట్రాల్ పాలిప్‌లంటారు. ఇవి క్యాన్సర్‌గా మారవు. ఒక్కోసారి గోడకు అతుక్కున్న చిన్న రాయి కూడా స్కానింగులో పాలిప్ లాగానే కనబడుతుంది.

మిగిలిన కొద్ది పాలిప్‌లలో కొన్ని అసలైన కండ పెరుగుదలలు. క్యాన్సర్ భయం వీటితోనే. పైకి రెండు రకాలూ ఒకేలా కనబడతాయి కనుక, ఏది ఏ రకమో ఊహించడానికి వైద్యులకు దొరికే మొదటి ఆధారం దాని సైజు. అయిదు మిల్లీమీటర్ల లోపు పాలిప్‌లో క్యాన్సర్ బహు అరుదు. పది మిల్లీమీటర్లు, అంటే ఒక సెంటీమీటరు దాటిందంటే ప్రమాదం పెరుగుతుంది.

శాకాహారికి కొలెస్ట్రాల్ ఎక్కడిది?

మొక్కల నుంచి వచ్చే ఆహారంలో కొలెస్ట్రాల్ ఉండదు. మాంసం, గుడ్డు, పాలు, నెయ్యిలోనే ఉంటుంది. ఇది నిజమే. కానీ మనిషి ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో పెద్ద భాగం తిండి నుంచి వచ్చేది కాదు, శరీరం తానే తయారు చేసుకునేది. అందులో కాలేయానిది పెద్ద పాత్ర. కాబట్టి పుట్టిన నాటి నుంచి మాంసం ముట్టనివారి పిత్తరసంలో కూడా కొలెస్ట్రాల్ ఉంటుంది. ఒళ్లు బరువెక్కినా, నడుం చుట్టూ కొవ్వు చేరినా, షుగరు జబ్బు వచ్చినా పిత్తరసంలో దాని పాలు పెరుగుతుంది.

మరో సంగతి గమనించాలి. కొలెస్ట్రాల్ లేని నూనె అంటే కొవ్వు లేని నూనె కాదు. అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతాల్లో ఎటు చూసినా పామాయిల్ తోటలే. ఆ గెలల నుంచి వచ్చే నూనెలో కొలెస్ట్రాల్ లేదు. కానీ అందులోని కొవ్వులో సగం దాకా సంతృప్త కొవ్వే. అది మితిమీరితే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కాబట్టి పూరీ, మైసూరు బజ్జీ, గారె, బూరె మాంసం లేనివే అయినా మితం లేకపోతే అవీ బరువు పెంచుతాయి.

పరిశీలనలు చెబుతున్నదేమిటి?

శాకాహారానికీ చేదు తిత్తికీ గల సంబంధం మీద జరిగిన పరిశీలనలు ఎక్కువగా రాళ్లకు సంబంధించినవి. కొలెస్ట్రాల్ రాయికీ, కొలెస్ట్రాల్ పాలిప్‌కూ ముడిసరుకు ఒకటే కనుక వాటిని చూడటం అవసరం.

1985లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో 40 నుంచి 69 ఏళ్ల మధ్య స్త్రీలకు స్కానింగు చేశారు. మాంసం తినేవారిలో నూటికి 25 మందికి రాళ్లు ఉన్నాయి, లేదా రాళ్ల వల్ల తిత్తి తీసివేసి ఉన్నది. శాకాహారుల్లో ఆ సంఖ్య నూటికి 12 మాత్రమే. తైవాన్‌లో బౌద్ధ సేవాసంస్థకు చెందిన వేలమందిని ఏళ్ల తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. శాకాహార స్త్రీలలో రాళ్ల జబ్బు దాదాపు సగానికి తగ్గింది. పురుషుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇవి చూసి శాకాహారం కవచమని అనుకునేలోపే అదే ఆక్స్‌ఫర్డ్ నుంచి 2017లో మరో ఫలితం వచ్చింది. ఈసారి సుమారు 50 వేల మందిని గమనించారు. అందులో మూడో వంతు శాకాహారులు. బరువుకూ రాళ్ల జబ్బుకూ గట్టి సంబంధం కనబడింది. ఒకే బరువు ఉన్న శాకాహారినీ, మాంసాహారినీ పోల్చినప్పుడు మాత్రం శాకాహారికి మేలు కనబడలేదు సరికదా, నొప్పి పుట్టించే రాళ్లు వారిలోనే కొద్దిగా ఎక్కువ కనబడ్డాయి. అంటే శాకాహారం వల్ల వచ్చే మేలులో ముఖ్యభాగం, దానివల్ల మనిషి సన్నగా ఉండటంలోనే ఉన్నదన్నమాట. శాకాహారి అయి ఉండి బరువు పెరిగితే ఆ మేలు దక్కదు.

మన దేశం సంగతి చూసినా ఇదే తేలుతుంది. మల్హోత్రా అనే రైల్వే వైద్యుడు రైలు కార్మికుల మీద పరిశీలన చేసి 1968లో ప్రచురించారు. దక్షిణాది కార్మికుల కంటే ఉత్తరాది కార్మికుల్లో పిత్తాశయపు రాళ్లు ఏడు రెట్లు ఎక్కువని అందులో తేలింది. పిత్తాశయ క్యాన్సర్ కూడా గంగా మైదానంలోనూ, అస్సాంలోనూ ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ. మరి శాకాహారులు ఎక్కడ ఎక్కువ? 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం రాజస్థాన్‌లో నూటికి సుమారు 75 మంది శాకాహారులు. తెలంగాణలో నూటికి దాదాపు 99 మంది మాంసాహారులే. మాంసం తినడమే ఈ జబ్బుకు మూలమైతే దేశంలోకెల్లా మన రాష్ట్రంలోనే అది అందరికన్నా ఎక్కువ ఉండాలి. అలా లేదు. దీన్నిబట్టి మాంసం మంచిదని అర్థం కాదు. ఒక్క మాంసం మీదే నేరం మోపితే లెక్క కుదరదని మాత్రమే అర్థం.

ఒంటిపూట భోజనం, ఒక్కసారిగా బరువు తగ్గడం

దీక్షల కాలంలో మద్యం, పొగ, మాంసం మానడం వల్ల ఒంటికి మేలే. కానీ చేదు తిత్తి సంగతిలో ఒక చిక్కున్నది. తిన్నప్పుడే తిత్తి ముడుచుకుంటుంది. రోజంతా పస్తుంటే రసం కదలక నిలవ ఉండి చిక్కబడుతుంది. చెరువు నీరు పారకుంటే నాచు పట్టినట్టు, కదలని పిత్తరసంలో గసి పేరుకుంటుంది. పస్తులతో వారానికి ఒకటిన్నర కిలోకు మించి బరువు తగ్గేవారిలో కొత్త రాళ్లు పుడతాయని వైద్యశాస్త్రం గుర్తించింది.

అలాగని దీక్ష చేయరాదని కాదు. మధ్యాహ్నం భిక్షలో అన్నంతోపాటు పప్పు, కూర, మజ్జిగ ఉండేట్టు చూసుకోవాలి. రాత్రి అల్పాహారం పేరుతో నూనెలో వేయించినవి కాక ఇడ్లీ, ఉప్మా, పండు తీసుకోవాలి. షుగరు ఉన్నవారు, గర్భిణులు, ఇప్పటికే రాళ్లు ఉన్నవారు కటిక ఉపవాసాలకు ముందు వైద్యుణ్ణి అడగడం క్షేమం. దీక్ష విరమించిన మర్నాడే విందులో కూర్చుని పొట్ట పగిలేట్టు వేటమాంసం తినడం మరో పొరపాటు. అప్పటిదాకా తేలిక తిండికి అలవాటుపడ్డ తిత్తి ఒక్కసారిగా గట్టిగా ముడుచుకుంటుంది. అందులో రాయి ఉంటే అది వెళ్లి దారికి అడ్డం పడి నొప్పి తెప్పించవచ్చు.

పళ్లెంలో మారినదేమిటి?

అడవి అంచు పల్లెల పాత తిండిలో జొన్న గటుక, అంబలి, సామలు, కొర్రలు ఉండేవి. చింతచిగురు, గోంగూర, మునగాకు, బోడకాకర, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు కాలాన్నిబట్టి దొరికేవి. మాంసం పండుగకో, వేటకో. దాన్ని శాకాహారమని ఎవరూ అనుకోలేదు కానీ రోజువారీ తిండిలో తొంభై పాళ్లు ఆకూ, గింజే. అందులో పీచు దండిగా ఉండేది. పని కూడా అలాంటిదే. తునికాకు సేకరణ, ఇప్పపూల ఏరుడు, పోడు పని ఒంట్లో కొవ్వు నిలవనిచ్చేవి కావు.

1983లో ఉమ్మడి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. అన్నం దొరకడం చెడ్డ సంగతి కాదు. కానీ గటుక స్థానంలో తెల్ల అన్నం వచ్చి చేరిన కొద్దీ పక్కనుండే పప్పూ, ఆకుకూరా తగ్గాయి. కంచంలో కొండంత అన్నం, మీద ఇన్ని చారునీళ్లు, నంజుకోవడానికి పచ్చడి. ఇదీ శాకాహారమే. అయితే చేదు తిత్తికి మేలు చేసే శాకాహారం ఇది కాదు. పీచు తీసిన పిండి పదార్థాలు, తీపి ఎక్కువ తినేవారిలో రాళ్లు ఎక్కువని పరిశీలనలు చెబుతున్నాయి.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రెండు వేల కేలరీల తిండికి బియ్యం, జొన్న వంటి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు ఉండాలన్నది. అంటే గింజ కంటే కూర ఎక్కువ ఉండాలి. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

పప్పులకూ, పల్లీలకూ చేదు తిత్తి విషయంలో మంచి పేరున్నది. అమెరికాలో నర్సుల మీద 1980 నుంచి ఇరవై ఏళ్లు సాగిన పరిశీలనలో మొక్కల నుంచి వచ్చే మాంసకృత్తులు, పల్లీలు, గింజ పప్పులు ఎక్కువ తిన్న స్త్రీలకు తిత్తి తీయించుకోవలసిన అవసరం తక్కువ వచ్చింది. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధనా సంస్థలో ఎలుకలకు మెంతులు కలిపిన మేత పెట్టగా కొలెస్ట్రాల్ రాళ్లు తగ్గాయి. ఎలుకలో జరిగినదంతా మనిషిలో జరగాలని లేదు. అయినా పప్పులో గుప్పెడు మెంతికూర వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే ఇవన్నీ రాకుండా చూసుకునే మార్గాలు. వచ్చిన పాలిప్‌ను కరిగించే మందులు కావు.

ఏ రాయికి ఏ మందు?

పల్లెల్లో మూత్రపిండంలో రాయినీ, చేదు తిత్తిలో రాయినీ ఒకటిగా చూడటం కద్దు. అరటి దూట రసం, కొండపిండి ఆకు కషాయం, ఉలవ నీళ్లు తాగమని చెప్పేస్తారు. పాలకూర, టమాటా మానమంటారు. ఈ మాటలన్నీ మూత్రపిండాల రాళ్ల గురించి వచ్చినవి. మూత్రం దారి వేరు, పిత్తం దారి వేరు. బిందెడు నీళ్లు తాగినా అవి చేదు తిత్తిని కడగవు. టమాటా గింజ తిత్తిలోకి వెళ్లి రాయి కాదు. తిత్తి గోడకు అంటుకున్న పాలిప్ పసరుతోనో, కషాయంతోనో ఊడి పడదు. కొన్ని పాలిప్‌లు తర్వాతి స్కానింగులో కనబడకుండా పోయే మాట నిజం. అవి చాలావరకు గోడకు పట్టిన గసో, చిన్న కొలెస్ట్రాల్ బుడిపెలో అయి ఉంటాయి. పసరు తాగనివారిలో కూడా అలా పోతాయి.

మన్యంలో మరో కారణం

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటున్నది. కోయ తదితర గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్నది. తల్లిదండ్రుల ఇద్దరి నుంచీ ఆ లోపం సంక్రమించిన బిడ్డలో గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలో వంగిపోతాయి. మామూలు కణం 120 రోజులు బతికితే ఈ కణం పది, ఇరవై రోజుల్లోనే విరిగిపోతుంది. విరిగిన ప్రతి కణం నుంచి బిలిరుబిన్ వస్తుంది. అది పిత్తరసంలో నిండి నల్లటి రాళ్లు అవుతాయి. బడి వయసు పిల్లల్లో కూడా ఈ రాళ్లు పుడతాయి.

ఇక్కడ శాకం, మాంసం అన్న ప్రశ్నకే తావు లేదు. తిండి ఎంత మార్చినా ఆ రాళ్లు ఆగవు. కళ్లు పచ్చబడిన పిల్లవాడిని పసరు మందుకు తిప్పడం వల్ల కాలం వృథా. మాటిమాటికీ కీళ్ల నొప్పులు, రక్తం తక్కువ కావడం, కళ్లు పచ్చబడటం, కుడి డొక్కలో నొప్పి ఉన్న పిల్లలకు ముందు సికిల్ సెల్ రక్తపరీక్ష చేయించాలి. లోపం ఒకరి నుంచే వచ్చినవారు వాహకులు మాత్రమే. వారికి సాధారణంగా ఈ బాధలు ఉండవు. అయితే ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. అందువల్ల భద్రాచలం వైపు మండలాలవారికీ, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలవారికీ ఈ పరీక్ష వర్తిస్తుంది. ఆశా కార్యకర్తను గానీ, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడగవచ్చు.

కొలతే కీలకం

పాలిప్ కనబడినప్పుడు ఏం చేయాలన్న దానిపై ఐరోపా వైద్య సంఘాలు 2017లో సూచనలు చేసి 2022లో వాటిని సవరించాయి. మన దేశంలోని వైద్యులు కూడా వీటిని చూస్తారు. ప్రమాదం ఎక్కువ ఉన్నవారి జాబితాలో 2017లో భారతీయ సంతతివారిని చేర్చారు. 2022లో ఆసియావాసులందరినీ చేర్చారు. అరవై దాటినవారు, తిత్తి గోడకు కాడ లేకుండా వెడల్పుగా అతుక్కున్న పాలిప్ ఉన్నవారు, పిత్తనాళాల్లో ఒక రకం దీర్ఘకాలపు వాపు ఉన్నవారు కూడా ఈ జాబితాలోకి వస్తారు. శాకాహారినా, మాంసాహారినా అన్నది ఆ జాబితాలో ఎక్కడా లేదు.

ఆ సూచనల ప్రకారం మనవారికి వర్తించేది ఇదీ:

5 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ ఉంటే ఆపరేషను అక్కర్లేదు. ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు మళ్లీ స్కానింగు చేయించి పెరిగిందో లేదో చూసుకోవాలి. రెండేళ్లలో పెరగకపోతే ఇక ఆపేయవచ్చు. మధ్యలో కనబడకుండా పోతే అక్కడితో సరి.

6 నుంచి 9 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సర్జన్‌ను తప్పక కలవాలి. ఆసియావాసులు ప్రమాదం ఎక్కువ ఉన్నవారి జాబితాలో ఉన్నారు కనుక, ఆపరేషనుకు తట్టుకోగలవారు తిత్తిని తీయించుకోవాలన్నదే ఆ సూచన.

10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ఆపరేషనుకు తట్టుకోగలవారు తిత్తిని తీయించుకోవడమే మంచిది. నొప్పి లేదు కదా అని వదలరాదు. ఈ క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. నొప్పి తెలిసేనాటికి చాలామందిలో అది కాలేయం దాకా పాకి ఉంటుంది.

రెండేళ్ల లోపు 2 మిల్లీమీటర్లు పెరిగినా వైద్యుడికి చూపించి మళ్లీ ఆలోచించాలి.

ఆపరేషను అంటే భయపడనక్కర్లేదు. జర్మనీలో 1882లో మొదటిసారి చేదు తిత్తిని తీశారు. పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా తీసే పద్ధతి మన దేశానికి 1990లో బొంబాయిలో వచ్చింది. ఇప్పుడు చాలామంది రెండు, మూడు రోజుల్లో ఇల్లు చేరుతున్నారు. తిత్తి లేకపోయినా కాలేయం నుంచి పిత్తరసం నేరుగా పేగులోకి పడుతుంది కనుక తిండి అరుగుతుంది. కొంతకాలం నూనె తగ్గించి, కొద్దికొద్దిగా తింటే సరిపోతుంది. ఆరోగ్యశ్రీ ఏ ఆస్పత్రిలో, ఏ ఆపరేషనుకు వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాతే అప్పు మాట.

స్కానింగుకు వెళ్లేముందు

పరగడుపున వెళ్లాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. బస్టాండులో పాల టీ తాగినా తిత్తి ముడుచుకుపోయి లోపల ఏమున్నదీ సరిగా కనబడదు. అడవి పల్లె నుంచి తొలి బస్సుకు బయలుదేరేవారు పులిహోర మూట వెంట తెచ్చుకున్నా, పరీక్ష అయ్యాకే విప్పాలి. షుగరు మందులు వాడేవారు ఆ పూట మాత్ర సంగతి ముందురోజే అడిగి ఉంచుకోవాలి.

పాత కాగితం తప్పక తీసుకుపోవాలి. పోయినసారి ఎంతున్నదో తెలియకపోతే ఈసారి పెరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. కాగితంలో మూడు సంగతులు ఉన్నాయో లేదో అడగాలి: పాలిప్ ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్ని ఉన్నాయి, కాడ ఉన్నదా లేక గోడకు వెడల్పుగా అతుక్కుని ఉన్నదా.

కుడివైపు పక్కటెముకల కింద పుట్టి వీపుకో, కుడి భుజానికో పాకే నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా, దానికి తోడు చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడి మూత్రం ముదురు రంగులో, విరేచనం సున్నపు రంగులో వచ్చినా స్కానింగు తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి చేరాలి. గోదావరికి వరద వచ్చి దారులు మూసుకుపోయే రోజుల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

పండుగలే గుర్తు

ఆరు నెలలు, ఏడాది, రెండేళ్లు అంటే పల్లెలో గుర్తుండటం కష్టం. పంట పనుల్లో తేదీలు జారిపోతాయి. దానికి పండుగలనే గుర్తుగా పెట్టుకోవచ్చు. దసరాకు మొదటి స్కానింగు జరిగితే శ్రీరామనవమికి రెండోది. భద్రాచలంలో కల్యాణం చూడటానికి ఎలాగూ వస్తారు, తలంబ్రాలు తీసుకున్న మర్నాడు పరగడుపున స్కానింగు చేయించుకుని ఇల్లు చేరవచ్చు. మళ్లీ దసరాకు మూడోది. ఆ పైయేటి దసరాకు నాలుగోది. అక్కడితో చాలామందికి ఆ భయం తీరిపోతుంది.

ఆకుకూరలు తినవలసిందే. గటుక, పప్పు, మజ్జిగ మళ్లీ పళ్లెంలోకి రావలసిందే. మాంసం మానదలచినవారు మానవచ్చు, ఒంటికి మంచిదే. కానీ చూరులో దోపిన ఆ కాగితాన్ని మాత్రం తీసి, దుమ్ము దులిపి, అందులో ఎన్ని మిల్లీమీటర్లని రాసి ఉన్నదో ఈ రోజే చదివించుకోవాలి.